కంట్లో పుడితే ప్రమాదం, గుండెలో పుడితే మేలు: గ్రోత్ ఫ్యాక్టర్లు రక్తనాళాల్ని ఎలా పుట్టిస్తాయి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ వచ్చి 18 ఏళ్లయింది. రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టాయని, గ్రోత్ ఫ్యాక్టర్‌ను ఆపే ఇంజెక్షన్ కంట్లో వేయాలని డాక్టరుగారు అన్నారు. అదే నెలలో మా పెదనాన్నగారికి గుండెలో మూడు బ్లాకులు బయటపడ్డాయి. స్టెంట్‌కూ బైపాస్‌కూ అనుకూలంగా లేవట. ఆయనకు కొత్త నాళాలు పుడితే బాగుండేది కదా! ఒకరి కంట్లో ఎక్కువైపోయిన పదార్థం ఇంకొకరి గుండెకు ఎందుకు పనికిరాదు? అసలు ఇవి రక్తనాళాల్ని ఎలా పుట్టిస్తాయి?

సమాధానం:

నేను రెటీనా డాక్టర్ని. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. మీ నాన్నగారికి చెప్పిన ఇంజెక్షన్లు వారంలో కనీసం నాలుగు రోజులు వేస్తుంటాను. "నొప్పి పుడుతుందా, ఎన్ని వేయించుకోవాలి, ఒక్కోటి ఎంత" అని అందరూ అడుగుతారు. మీరు అడిగింది మాత్రం నన్ను వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే అడిగారు. అందుకే కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

చిక్కంతా ఆ పేరుతోనే. గ్రోత్ ఫ్యాక్టర్ అనగానే ఏదో ఎరువు లాంటిది అనిపిస్తుంది. ఎంత చల్లితే అంత ఏపుగా పెరుగుతుందనుకుంటాం. అది ఎరువు కాదు, కేక. ఊపిరాడని కణం పక్కనున్న రక్తనాళానికి వేసే కేక. అది ఎటువైపు నుంచి వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది, ఎన్నాళ్లు ఆగకుండా వినిపించింది, దాని వెనకాల సాయానికి ఇంకెవరు వచ్చారు అన్నవాటిని బట్టే నిలబడే నాళం పుడుతుందా, కారిపోయే నాళం పుడుతుందా అన్నది ఉంటుంది. మీ ఇంట్లో ఇద్దరి కథకూ తేడా ఇక్కడే వచ్చింది.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ ఏదో ఒక సన్నని రక్తనాళానికి 100 నుంచి 200 మైక్రాన్ల లోపు దూరంలో ఉండాలి. అంటే ఒకటి రెండు తల వెంట్రుకల మందం. అంతకు మించితే రక్తంలోంచి ఊరే ఆక్సిజన్ అక్కడిదాకా చేరదు. మరి తనకు ఆక్సిజన్ తగ్గిందని కణానికి ఎలా తెలుస్తుంది?

ప్రతి కణమూ హెచ్‌ఐఎఫ్ అనే ఒక ప్రొటీన్‌ను ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది. తయారైన కొద్ది నిమిషాల్లోనే దాన్ని నాశనం కూడా చేసేస్తుంది. ఉత్తరం రాయడం, వెంటనే చింపేయడం, మళ్లీ రాయడం లాంటి పని. చింపడానికి ముందు ఆ ప్రొటీన్ మీద ఒక గుర్తు పడాలి. ఆ గుర్తు వేసే ఎంజైముకు ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, గుర్తు లేనిదాన్ని చింపేవాళ్లు ఉండరు, చింపని ఉత్తరాలు పోగవుతాయి. అవి కేంద్రకంలోకి వెళ్లి కొన్ని వందల జన్యువుల్ని మేల్కొలుపుతాయి. వాటిలో మనకు కావలసింది వీఈజీఎఫ్ జన్యువు. ఇంత ఖర్చుతో కూడిన ఏర్పాటు ఎందుకంటే, ఆక్సిజన్ తగ్గాక కొత్తగా రాయడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఉత్తరం ఎప్పుడూ సిద్ధంగా ఉంటే చింపడం మానేస్తే చాలు. ఈ లెక్క తేల్చినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

వీఈజీఎఫ్ అంటే వాస్క్యులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫ్యాక్టర్. మేం నోటి వాడుకలో "వెజెఫ్" అనేస్తాం. దీన్ని కనుక్కున్న కథలో ఒక ముక్క మీ నాన్నగారి కంటికి నేరుగా సంబంధించింది. రెటీనాలో ఆక్సిజన్ అందక ఆకలిగా ఉన్న భాగం నుంచి ఏదో పదార్థం ఊరుతోందని, అదే కొత్త నాళాల్ని పుట్టిస్తోందని 1948లోనే మైకెల్‌సన్ అనే కంటి వైద్యుడు ఊహించాడు. తర్వాతివాళ్లు దాన్ని "ఫ్యాక్టర్ ఎక్స్" అన్నారు. 1971లో బోస్టన్ సర్జన్ జూడా ఫోక్‌మన్, క్యాన్సర్ గడ్డలు కూడా ఇలాంటి పదార్థంతోనే తమకు కావలసిన నాళాల్ని రప్పించుకుంటాయని, అది లేకపోతే ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేవని రాశాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1983లో హెరాల్డ్ డ్వొరాక్ బృందం గడ్డల నుంచి ఒక ప్రొటీన్ పట్టుకుంది. అది రక్తనాళాల్ని విపరీతంగా కారేలా చేస్తోంది కాబట్టి కారుడు పెంచే పదార్థమనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 1989లో నెపోలియోన్ ఫెరారా నాళాల లోపలి కణాల్ని పెంచే ప్రొటీన్‌ను వేరు చేసి వీఈజీఎఫ్ అన్నాడు. తీరా చూస్తే రెండూ ఒకటే! నాళాల్ని పెంచే పదార్థమే వాటిని కారేలా చేసేది కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు కేక విన్న నాళం ఏం చేస్తుందో చూద్దాం. పుట్టిన కొద్ది రోజుల ఎలుక పిల్ల రెటీనాను మైక్రోస్కోపు కింద పరిస్తే ఇది కళ్లముందు కనిపిస్తుంది. నా చదువు రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు కాసేపు కళ్లజోడు తీసి పక్కన పెట్టి కూర్చున్నాను.

రక్తనాళం లోపలి గోడ అంతా పలచటి కణాలు పక్కపక్కన నేల మీద బండలు పరిచినట్టు ఉంటుంది. ఇవే ఎండోథీలియల్ కణాలు. పెద్దవాళ్లలో ఇవి మామూలుగా ఏళ్ల తరబడి విభజన లేకుండా కదలకుండా పడుంటాయి. వీఈజీఎఫ్ వచ్చి వాటి మీదున్న రెండో నంబరు రిసెప్టర్‌ను, అంటే కేక వినే చెవి లాంటి ప్రొటీన్‌ను, తాకగానే నిద్ర లేస్తాయి. అయితే అన్నీ ఒకేసారి లేచి పరిగెత్తితే నాళం గోడే కూలిపోతుంది. అందుకని వాటి మధ్య ఒక పోటీ నడుస్తుంది. కేక అందరికంటే బాగా విన్న కణం ముందుకొచ్చి, తన మీద డెల్టా అనే ప్రొటీన్‌ను పెంచుకుని, ఆనుకుని ఉన్న కణాల నాచ్ అనే రిసెప్టర్‌ను నొక్కుతుంది. "నేను వెళ్తున్నా, నువ్వు ఆగు" అన్నట్టు. నాచ్ నొక్కించుకున్న కణంలో వీఈజీఎఫ్ రిసెప్టర్లు తగ్గిపోతాయి, దానికి కేక సరిగ్గా వినపడదు. అలా ఒకటి కొసకణం అవుతుంది, మిగిలినవి దాని వెనక నడిచే కాడ కణాలవుతాయి.

కొసకణం చూడ్డానికి తమాషాగా ఉంటుంది. ముందువైపు వెంట్రుకల్లాంటి సన్నని వేళ్లు పదుల సంఖ్యలో చాపి తడుముకుంటూ పోతుంది. గుడ్డివాడు చేతికర్రతో దారి వెతుక్కున్నట్టు. ఏ వైపు వీఈజీఎఫ్ చిక్కగా ఉంటే ఆ వేలు నిలబడుతుంది, మిగిలినవి ముడుచుకుంటాయి. దారికి అడ్డమున్న పొరల్ని కరిగించే ఎంజైముల్ని కూడా అదే వదులుతుంది. కొసకణం పెద్దగా విభజన చెందదు, దారి చూపడమే దాని పని. వెనకున్న కాడ కణాలు విభజన చెందుతూ కాడను పొడిగిస్తాయి, మధ్యలో బోలు ఏర్పరుస్తాయి. అటునుంచి వచ్చే ఇంకో కొసకణం తగిలితే రెండూ అతుక్కుంటాయి. దారి కలిసింది కాబట్టి రక్తం పారడం మొదలవుతుంది. పారిన దారి నిలుస్తుంది, పారని దారి కొద్ది రోజుల్లో ముడుచుకుపోతుంది.

ఇక్కడ "చిక్కగా ఉన్నవైపు" అన్న మాట ముఖ్యం. వీఈజీఎఫ్‌లో చాలా రకాలుంటాయి. ఒకే జన్యువు నుంచి 121, 165, 189 అమైనో ఆమ్లాల పొడవున్నవి వస్తాయి. పొట్టిది నీళ్లలా పారిపోతుంది. పొడవుది పుట్టినచోటే కణాల చుట్టూ ఉన్న జిగురుకు అంటుకుని ఉండిపోతుంది. 165 రెండిటికీ మధ్యస్థం. ఈ మూడూ కలిస్తేనే ఆకలిగా ఉన్న కణం దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా ఒక వాలు ఏర్పడుతుంది. వాలు ఉంటేనే దిక్కు తెలుస్తుంది. బయటి నుంచి సిరంజితో పోస్తే అంతటా ఒకే చిక్కదనం, ఇక దిక్కేం తెలుస్తుంది?

మోతాదు పట్టింపు ఎంతంటే, ఎలుక పిండంలో రెండు వీఈజీఎఫ్ జన్యువుల్లో ఒక్కటి తీసేసి సగం తయారయ్యేలా చేస్తే, ఆ పిండం కడుపులోనే చనిపోతుంది. 1996లో రెండు బృందాలు విడివిడిగా ఇదే చూశాయి. సగం తగ్గితేనే ప్రాణం నిలవని పదార్థాలు ఒంట్లో అరుదు.

గొట్టం తయారైనంత మాత్రాన పని అయిపోలేదు. కృష్ణా డెల్టాలోనో, సాగర్ కాలువల కిందో సేద్యం చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే ఓపిక నశించిన రైతు ఏం చేస్తాడు? రాత్రికి రాత్రి కాలువ గట్టుకు గండి కొడతాడు. నీళ్లొస్తాయి. కానీ గట్టు లేదు, లైనింగు లేదు, తూము లేదు. సగం ఎక్కడెక్కడో ఇంకిపోయి, మిగతా సగం పక్కవాడి చేను ముంచుతుంది. వీఈజీఎఫ్ ఒక్కటే పుట్టించిన నాళం ఇలాంటి గండి. దానికి గట్టు కట్టేవాళ్లు వేరే ఉన్నారు. కొత్త నాళం కణాలు పీడీజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్‌ను వదిలి పెరిసైట్లు అనే కణాల్ని పిలుచుకుంటాయి. అవి వచ్చి నాళాన్ని బయటి నుంచి చేతులతో చుట్టినట్టు పట్టుకుంటాయి. ఆ పెరిసైట్లు యాంజియోపొయిటిన్-1ను వదులుతాయి. అది టై-2 అనే రిసెప్టర్ ద్వారా కణాల మధ్య సందుల్ని బిగిస్తుంది. యాంజియోపొయిటిన్-2 మామూలుగా దీనికి ఎదురు పని చేస్తుంది. పట్టు సడలించి, గోడను మళ్లీ వదులు చేస్తుంది. పుండు మానేటప్పుడు ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరసలో వస్తాయి. పెరిసైట్లు చేరిన నాళం తర్వాత వీఈజీఎఫ్ తగ్గినా నిలబడుతుంది, చేరనిది తగ్గగానే వాడిపోతుంది. మీ నాన్నగారి చికిత్స మొత్తం ఆధారపడింది ఈ చివరి వాక్యం మీదే.

మంచి నాళాలు పుట్టడం కళ్లతో చూడాలంటే లాబ్ అక్కర్లేదు. కాలి పుండుకు కట్టు మార్చే గదిలో నిలబడండి. బాగవుతున్న పుండు అడుగు దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రగా, గరుకుగా, తడిగా ఉంటుంది. ఆ గింజల్లో కొత్త కేశనాళికలు కిక్కిరిసి ఉంటాయి. కట్టు కట్టే సిస్టర్లు "ఎర్రగా వస్తోందమ్మా, ఇక భయం లేదు" అంటుంటారు. పాలిపోయి బూడిదరంగులో ఉందంటే అక్కడికి కేక చేరలేదని, లేక చేరినా వచ్చేవాళ్లు లేరని అర్థం.

ఇప్పుడు నాన్నగారి కంటికి వద్దాం. రెటీనా తన బరువుకు మించి ఆక్సిజన్ తినే కణజాలం. ఎక్కువ షుగర్ ఏళ్ల తరబడి ఉంటే మొదట చచ్చేది పెరిసైట్లు. తర్వాత కేశనాళికలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. మూసుకుపోయిన మేర రెటీనా చచ్చిపోదు, అర్ధాకలితో బతుకుతుంది. చనిపోయిన కణం కేక వేయదు, అర్ధాకలితో ఉన్నదే వేస్తుంది. ఉత్తరాలు పోగవుతాయి, వీఈజీఎఫ్ పుడుతుంది. ఒక రోజు కాదు, ఏళ్ల తరబడి ఆగకుండా. 1994లో ఇలాంటి రోగుల కంటి ద్రవంలో వీఈజీఎఫ్ కొలిచి, కొత్త నాళాలు చురుగ్గా ఉన్నవాళ్లలో బాగా ఎక్కువగా ఉందని చూపించారు. మైకెల్‌సన్ ఊహించినది 46 ఏళ్లకు దొరికింది.

పాత పెరిసైట్లు పోయాయి, కేక ఆగదు, దిక్కు తెలియదు. కొత్త నాళాలు ఆకలిగా ఉన్న రెటీనాలోకి పోకుండా, కన్ను మధ్యలో ఉన్న జెల్లీ వైపు పాకుతాయి. అంటే ఎవరికోసం పుట్టాయో వాళ్లకు చుక్క రక్తం ఇవ్వవు. పైగా జెల్లీ ముడుచుకుని లాగినప్పుడు పుటుక్కున తెగి కన్నంతా రక్తం నింపుతాయి.

నాన్నగారికి ఎఫ్‌ఎఫ్‌ఏ అనే యాంజియో తీసే ఉంటారు. చేతి నరంలోకి పసుపురంగు మందు ఎక్కించి ఫొటోలు తీస్తారు, ఆ రోజంతా మూత్రం పచ్చగా వస్తుంది. ఆ ఫొటోలు అడిగి తెప్పించుకోండి. మామూలు నాళాలు సన్నని తెల్లటి గీతల్లా, అంచులు స్పష్టంగా ఉంటాయి. రక్తం అందని చోట నల్లటి మచ్చలుంటాయి. ఆ నల్లమచ్చ సరిహద్దులో పత్తికాయ పగిలినట్టు తెల్లటి తునకలు కనిపిస్తే అవే కొత్త నాళాలు. మొదటి ఫొటోలో చుక్కంత ఉన్నది ఐదు నిమిషాల తర్వాత తీసిన ఫొటోలో రెండింతలైపోతుంది. నాళం అంత వేగంగా పెరగదు కదా, అది మందు బయటికి కారడం. 1983లో పెట్టిన పేరు ఇక్కడ గుర్తొస్తుంది.

ఇంజెక్షన్ ఈ కేకను పట్టేసి మూటకడుతుంది. బెవసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ వీటిలో ముఖ్యమైనవి. మొదటిదాన్ని 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతించారు. కంటి డాక్టర్లు ఆ తర్వాత సొంతంగా కంట్లో వాడడం మొదలుపెట్టారు, ధర తక్కువ కావడంతో మన దగ్గర ఇప్పటికీ విరివిగా వాడతాం. రానిబిజుమాబ్ 2006లో కంటికే వచ్చింది. కొత్తగా వచ్చిన ఫారిసిమాబ్ వీఈజీఎఫ్‌తో పాటు యాంజియోపొయిటిన్-2ను కూడా పట్టుకుంటుంది. ఇంజెక్షన్ పడిన వారం పది రోజుల్లో, పెరిసైట్లు లేని ఆ పచ్చి నాళాలు ఎండిన తీగల్లా ముడుచుకుంటాయి. చుట్టూ పీచు పట్టిపోయిన పాత నాళాలైతే అంత తేలిగ్గా వాడవు. పైగా ఇంజెక్షన్ తర్వాత ఆ పీచు బిగుసుకుని రెటీనాను లాగొచ్చు. అందుకే పీచు ఎక్కువుంటే ఆచితూచి వేస్తాం, ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు మాత్రమే వేస్తాం.

ఒక చేదు అనుభవం చెప్పాలి, తప్పు నాది కూడా ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక టైలర్‌గారు మూడు ఇంజెక్షన్లు వేయించుకున్నారు. చూపు ఎంత బాగైందంటే, సూదిలో దారం తానే ఎక్కిస్తున్నానని నవ్వుతూ చెప్పారు. తర్వాత రాలేదు. ఎనిమిది నెలలకు "కన్ను ముందు సిరా బుడ్డి ఒలికినట్టుందండీ" అంటూ వచ్చారు. లోపల అంతా రక్తం. ఇంజెక్షన్ కేకను నాలుగైదు వారాలు మాత్రమే మూయిస్తుందని, ఆకలి అలాగే ఉందని నేను ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేదు. "నయమైంది" అన్న మాట మాత్రం ఆయన చెవిన పడింది.

అందుకే లేజర్ ఇంకా పాతబడలేదు. లేజర్ కొత్త నాళాల్ని కాలుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. చుట్టుపక్కల అర్ధాకలితో ఉన్న రెటీనాను వందల చుక్కలుగా కాలుస్తుంది. తినే నోళ్లు తగ్గితే కేక తగ్గుతుంది, మిగిలినవాటికి ఉన్న ఆక్సిజన్ సరిపోతుంది. పక్క చూపు, రాత్రి చూపు కొంత తగ్గుతాయి, అది చెల్లించక తప్పని ధర. ఇంజెక్షన్లు మాత్రమే వేయించుకునే పద్ధతి లేజర్‌కు ఏమాత్రం తీసిపోదని 2015లో వచ్చిన ఒక పెద్ద అమెరికా ట్రయల్ చూపించింది. కానీ అది చెప్పిన తేదీకి వచ్చినవాళ్ల లెక్క. నూజివీడు నుంచో, దేవరకొండ నుంచో బస్సెక్కి నెలనెలా రావాల్సిన మనిషికి, తోడు వచ్చేవాళ్లు లేని మనిషికి నేను లేజర్ కూడా చేసేస్తాను. దీన్ని మేం "పీఆర్‌పీ" అంటాం. జుట్టు క్లినిక్కుల పీఆర్‌పీ వేరు, అది ప్లేట్‌లెట్ల నుంచి గ్రోత్ ఫ్యాక్టర్లు ఎక్కించడం. ఒక పేషెంటుగారు ఈ రెండిటినీ కలిపేసి "కంట్లో జుట్టు మొలుస్తుందా డాక్టర్‌గారూ" అని అడిగారు!

ఇదే వీఈజీఎఫ్ నెలలు నిండని పసిబిడ్డల కంట్లో రెండు రకాలుగా ఆడుకుంటుంది. కడుపులో ఉండగానే, సుమారు 16వ వారం నుంచి నెలలు నిండేదాకా, రెటీనా నాళాలు మధ్య నుంచి అంచుల వైపు పాకుతాయి. ముందే పుట్టిన బిడ్డకు బయటి ఆక్సిజన్ ఎక్కువై కేక ఆగిపోతుంది, నాళాలు దారిలో నిలబడిపోతాయి. కొన్ని వారాలకు రెటీనా ఎదిగి ఆకలేస్తుంది. అప్పుడు ఒక్కసారిగా పెద్ద కేక, అడ్డదిడ్డంగా నాళాలు. 2 కిలోల కంటే తక్కువ బరువుతోనో, 34 వారాల కంటే ముందో పుట్టిన బిడ్డకు 30 రోజుల్లోపు కంటి పరీక్ష చేయించమనేది అందుకే. మీ చుట్టాల్లో అలాంటి బిడ్డ ఉంటే ఇది తప్పక చెప్పండి.

ఇక పెదనాన్నగారి గుండె. మీకొచ్చిన ఆలోచన 1990ల్లోనే వైద్యులకూ వచ్చింది, చాలా ఆశతో మొదలుపెట్టారు. వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను గుండె నాళాల్లోకి, తర్వాత నరంలోకి ఇచ్చిన వీవా ట్రయల్‌లో 178 మంది ఉన్నారు. 2003లో ఫలితం వచ్చింది. రెండు నెలల తర్వాత చూస్తే, నడిచే శక్తిలో మందు తీసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ తేడా లేదు. ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఎఫ్‌జీఎఫ్-2ను 337 మందిలో పరీక్షిస్తే అక్కడా మూడు నెలలకు అంతే. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు కూడా కొంత మెరుగయ్యారు. ఉత్తుత్తి మందు గుంపు లేని చిన్న పరీక్షల్లో అంతకుముందు కనిపించిన "అద్భుతం"లో చాలా భాగం ఇదే.

ఎందుకు ఫలించలేదు? ప్రొటీన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. గోడ కట్టడానికి కేక వారాల తరబడి, సరైన చోట, సరైన వాలుతో వినిపించాలి. మోతాదు పెంచుదామంటే వీఈజీఎఫ్ నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా నాళాల్ని సడలించి బీపీని పడేస్తుంది. పోనీ జన్యువు ఎక్కించి అక్కడే నిరంతరం తయారు చేయిద్దామంటే, ఎలుకల గుండెలోనూ కాలి కండరాల్లోనూ అలా చేసినప్పుడు నాళాల వలకు బదులు రక్తపు ముద్దల్లాంటి గడ్డలు పుట్టాయి. ఇవన్నీ అలా ఉంచండి. నా దృష్టిలో అసలు కారణం వేరు. వీఈజీఎఫ్ మొలకెత్తించేది కేశనాళికల్ని, అంటే పొలంలో బోదెల్ని. పెదనాన్నగారికి మూసుకుపోయింది హెడ్ రెగ్యులేటర్ దగ్గర పెద్ద కాలువ. అక్కడ నీళ్లు లేకుండా పొలంలో ఎన్ని బోదెలు తవ్వినా తడి రాదు.

పెద్ద నాళానికి పక్కదారి అసలు పుట్టదా అంటే, పుడుతుంది. దాని పద్ధతి వేరు. గుండెలో పుట్టుకతోనే సన్నని అడ్డదారులు ఉంటాయి. పెద్ద నాళం మెల్లగా మూసుకుపోయేకొద్దీ రక్తం ఈ అడ్డదారుల్లోంచి వేగంగా పారుతుంది. ఆ ఒరిపిడికి వాటి గోడలు కదిలి, తెల్లకణాలు వచ్చి చేరి, కండరం పట్టి, దారి వెడల్పవుతుంది. ఇక్కడ పని చేయించేది ప్రధానంగా ఆకలి కాదు, ప్రవాహం. అందుకే నూటికి నూరు శాతం బ్లాకు ఉన్నా కొందరికి గుండె కండరం బాగానే ఉంటుంది. డాక్టర్లు "కొలేటరల్స్ బాగున్నాయి" అంటే అర్థం ఇదే. పెదనాన్నగారి యాంజియో రిపోర్టులో ఆ మాట ఉందేమో చూడండి. కార్డియాలజిస్టు ఒప్పుకుంటే, వాళ్లు చెప్పిన మోతాదులో నడక ఈ ప్రవాహానికి సాయపడుతుంది. ఆయన మందుల విషయం మాత్రం నేను మాట్లాడకూడదు, నా శాఖ కాదు. "రక్తనాళాలు పెంచే" పొడులంటూ వాట్సాప్‌లో తిరిగేవాటికి మాత్రం డబ్బు పెట్టకండి. ఏ పొడికీ గుండెకు వెళ్లాలో కంటికి వెళ్లాలో తెలియదు.

గ్రోత్ ఫ్యాక్టర్ బయటి నుంచి ఇస్తే పనికొచ్చిన చోట్లు లేవా? పైకి కనిపించే పుండు మీద కొంత ఉంది. రోజూ చూస్తూ పూయొచ్చు, ఆపొచ్చు. షుగర్ కాలి పుండ్లకు పీడీజీఎఫ్ జెల్‌ను అమెరికాలో 1997లో అనుమతించారు. మన హైదరాబాద్ భారత్ బయోటెక్ ఈజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ జెల్‌ను తయారు చేస్తుంది, కాకపోతే అది నాళాల కంటే చర్మకణాల్నే ఎక్కువ కదిలిస్తుంది. పుండు శుభ్రం చేయకుండా, కాలి మీద బరువు తగ్గించకుండా జెల్ ఒక్కటే రాస్తే మాత్రం డబ్బు దండగ.

ఒంట్లో కేకను మూయించే ఏర్పాటు కూడా ఉంది, అది కూడా చెప్పకపోతే కథ సగమే. వీఈజీఎఫ్ మొదటి నంబరు రిసెప్టర్‌లో తోక తెగినట్టు ఉండే ఒక రకం ఉంది, విడిగా తేలుతూ వీఈజీఎఫ్‌ను ఉత్తినే పట్టుకుని కూర్చుంటుంది. నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర కార్నియా అద్దంలా ఉండడానికి, దాంట్లోకి నాళాలు రాకపోవడానికి అదే కారణమని 2006లో బాలమురళి అంబటి, జయకృష్ణ అంబటి సోదరుల బృందం చూపించింది. మనాటీ అనే నీటి జంతువు కార్నియాలో ఈ కాపలా లేదు, అందుకే దాని కార్నియాలో నాళాలుంటాయి. ఇదే కాపలా గర్భిణుల్లో మాయ నుంచి అతిగా రక్తంలోకి వస్తే, తల్లి నాళాలకు రోజూ కావలసిన కాస్త వీఈజీఎఫ్ కూడా దక్కదు. బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. గుర్రపువాతం ముందు దశ అయిన ప్రీఎక్లాంప్సియా వెనక ఇది ఉందని 2003లో అనంత్ కరుమంచి బృందం చెప్పింది.

దీన్నుంచి మీకు వచ్చే సందేహం నాకు తెలుసు. కంటి ఇంజెక్షన్ వల్ల నాన్నగారి గుండెకు, కిడ్నీకి ఇబ్బందా? క్యాన్సర్‌కు బెవసిజుమాబ్‌ను కిలోకు 5 మిల్లీగ్రాముల మోతాదులో ఇచ్చినా, 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు పడుతుంది. కంట్లోకి వెళ్లేది 1.25 మిల్లీగ్రాములు. క్యాన్సర్ మోతాదుతో వచ్చే బీపీ సమస్యలు ఇక్కడ అలా కనిపించవు. అయినా ఈ మధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే డాక్టరుగారికి ముందే చెప్పండి, కొన్నాళ్లు వాయిదా వేస్తారు. కిడ్నీ రిపోర్టులు కూడా తీసుకెళ్లండి.

ఇంజెక్షన్ రోజు టెన్షన్ పడాల్సినంత ఏమీ ఉండదు. చుక్కలతో మొద్దుబారుస్తారు, బెటాడిన్‌తో కడుగుతారు, అది కాస్త చురుక్కుమంటుంది. నల్లగుడ్డు అంచుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల అవతల తెల్లగుడ్డులోంచి సన్నని సూదితో 0.05 మిల్లీలీటర్ల మందు. చుక్క కన్నా కొంచెం ఎక్కువ, అంతే. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ వస్తే భయపడకండి, వారం పది రోజుల్లో పోతుంది. అదే, రెండో రోజో మూడో రోజో నొప్పి పెరుగుతూ, చూపు తగ్గుతూ, కన్ను ఎర్రబడుతుంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. కొన్ని వేలల్లో ఒకరికి వస్తుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే వెళ్లాలి.

ఒక్క విషయం మీరు రాయలేదు. నాన్నగారి రెండో కన్ను సంగతేమిటి? షుగర్ రెండు కళ్లకూ ఒకటే. మంచి కన్ను బాగా కనిపిస్తోంది కదా అని దాన్ని వదిలేస్తుంటారు. రిపోర్టులో ఎన్‌వీడీ అని రాశారా, ఎన్‌వీఈ అని రాశారా, ఏ కంటికి అన్నది చూసి చెప్పండి. కంటి నరం మొదట్లోనే నాళాలు పుట్టడం మొదటిది, వేరే చోట పుట్టడం రెండోది. మొదటిదైతే ఈ వారంలోనే వేయించుకోండి, మా పెదనాన్నగారి పని తేలాక చూద్దాం అనుకోకండి.